తగ్గే తలకి టోపీ

ఆ ఆసుపత్రిలో మెడలో స్టెతస్కోపు వేసుకుని తిరిగేవాళ్ళు పదకొండు మంది. మెడలో కొలత టేపు వేసుకుని తిరిగే మనిషి ఒక్కతే. వెనక నుంచి చూసి పొరబడి, "డాక్టరమ్మా, మా నాన్నకి ఎలా ఉంది?" అంటూ వెంటపడినవాళ్ళు ఇరవై మూడేళ్ళలో చాలామందే ఉన్నారు. ఆవిడ ఇటు తిరిగి, "నేను దుప్పట్ల డాక్టర్ని నాయనా. మీ నాన్న మాటేమో గానీ ఆయన దుప్పటికి మాత్రం ఢోకా లేదు," అనేది. అడిగినవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక నిలబడిపోయేవారు.

అందరూ ఆవిడని టేపు పిన్ని అంటారు. హాజరు పుస్తకంలో ఉన్న పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారని ఆవిడే ఓ క్షణం అటూ ఇటూ చూస్తుంది.

ఆవిడ గది కింది అంతస్తులో, నడవా చివర, లాండ్రీకి ఆనుకుని ఉంటుంది. ఒకప్పుడు అక్కడ మూడు కుట్టు మిషన్లూ, ముగ్గురు మనుషులూ ఉండేవారు. మిగతా ఇద్దరూ రిటైరయ్యాక వాళ్ళ స్థానంలోకి ఎవరూ రాలేదు. వాళ్ళ మిషన్లు మాత్రం గుడ్డ కప్పుకుని గోడ పక్కన కూర్చున్నాయి. వాటికి కూడా పిన్ని నెలకోసారి నూనె వేస్తుంది. ఎందుకు పిన్నీ అంటే, "ఊరికే కూర్చున్నా ఆకలేస్తుంది కదా," అంటుంది.

మధ్యలో నలిగి చిరిగిన దుప్పటిని నిలువునా రెండుగా కోసి, అంచులు మధ్యకీ, చిరుగులు అంచులకీ వచ్చేట్టు మళ్ళీ కలిపి కుడితే ఇంకో రెండేళ్ళు వస్తుంది. అదే ఆవిడ రోజువారీ పని. అది కాక ఆపరేషన్ గౌన్లకి నాడాలు, కిటికీ తెరలకి అంచులు, దిండు గలేబులు. ఏది కుట్టినా ఆవిడ చేతి గుర్తు ఒకటి ఉంటుంది. కాస్త వదులు. ఆవిడ గలేబుల్లో దిండ్లు ఈదుతుంటాయి. ఆవిడ కుట్టిన గౌను వేసుకుంటే పొట్టి డాక్టర్లు నడవా తుడుచుకుంటూ వెళ్తున్నట్టే ఉంటారు.

ఇంట్లోనూ అంతే. ఆవిడ కూతురు బస్టాండులో టిక్కెట్ల కౌంటరులో పనిచేస్తుంది. ఆ పిల్ల చిన్నప్పటి ఫొటోలు చూస్తే ప్రతి ఫొటోలోనూ గౌను భుజం మీంచి జారుతూనే ఉంటుంది.

"అమ్మా, నిజం చెప్పు. నా జన్మలో నాకు సరిపోయే బట్ట ఒక్కటైనా కుట్టావా? సరిపోయే వేళకి అది చిరిగిపోయేది," అంటుంది కూతురు.

"పెరిగే పిల్లకి కొలతకి కుట్టేది బుద్ధిలేనివాళ్ళు," అని తల్లి జవాబు.

ఆ గౌన్ల కింది అంచున లోపలికి మూడు మడతలు పెట్టి కుట్టేది. ఏడాదికో మడత విప్పేది. పిల్లతో పాటు గుడ్డా పెరిగేది. కుట్టుపనిలో ఆవిడకి తెలిసిన సిద్ధాంతం అదొక్కటే. అది ఎన్నడూ తప్పలేదు, పెద్ద సిస్టరు ఒక ఉదయం ఆ గదిలోకి వచ్చి బల్ల మీద కాగితం పెట్టేదాకా.

"పిన్నీ, టోపీలు కావాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి."

"టోపీలకేం భాగ్యం. ఎన్ని?"

"ముందు కొలతలు చూడు."

కాగితం మీద తల చుట్టుకొలతలు సెంటీమీటర్లలో రాసి ఉన్నాయి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ముప్ఫై. పిన్ని టేపు తిరగేసి మొదటిదాన్ని అంగుళాల్లో చూసుకుంది. పదిన్నర దాటి ఓ గీత. మళ్ళీ చూసుకుంది. తర్వాత టేపుని తన జబ్బకి చుట్టుకుంది.

"సిస్టరమ్మా, ఇది నా జబ్బ అంత కూడా లేదు. తలంటారేమిటి?"

"తలే."

"పూర్తి తలా?"

"పూర్తి తలే. సగం తలకి టోపీ ఎవరడుగుతారు? నువ్వు లేచి రా, చూపిస్తాను."

పైఅంతస్తులో పసిపిల్లల గది. చెప్పులు బయట విడిచి, మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంటే గానీ లోపలికి రానివ్వరు. నాలుగు చిన్న మంచాలు, వాటిపైన వెచ్చగా ఉంచే దీపాలు. ఒక మంచంలో పిల్లాడు. పిల్లాడంటే పిల్లాడా అది? పిన్నికి చూపు ఎక్కడ ఆన్చాలో తెలియలేదు. ముక్కులోకి రెండు మెత్తటి గొట్టాల మొనలున్నాయి. గోడ నుంచి ఒక ట్యూబు వచ్చి ఆ మొనలకి కలుస్తోంది. అక్కణ్ణించి ఇంకో ట్యూబు బయల్దేరి, మంచం పక్కన వేలాడుతున్న నీళ్ళ సీసాలోకి దిగుతోంది. సీసాలో గుడగుడమని ఒకటే బుడగలు.

"వీళ్ళకి ఊపిరి తీసుకోవడం వచ్చు పిన్నీ. పట్టి ఉంచుకోవడమే రాదు," అంది పెద్ద సిస్టరు. "ఊపిరి వదిలినప్పుడల్లా లోపల ఊపిరితిత్తులు పూర్తిగా ముడుచుకుని అంటుకుపోతాయి. మళ్ళీ తెరవడానికి నానా తంటాలు పడి అలిసిపోతారు. అందుకని కాస్త గాలి ఎప్పుడూ లోపలే మిగిలి ఉండేట్టు చూస్తాం."

పిన్ని ఆలోచించింది. "తడిసిన జాకెట్టు చెయ్యి లోపల అంటుకుపోతుంది చూడు. చెయ్యి దూర్చాలంటే ప్రాణం మీదికొస్తుంది. అట్లాగా?"

"అచ్చం అట్లాగే."

అంతవరకు అర్థమైంది. అర్థం కానిది సీసా.

"గాలి కావాల్సింది పిల్లాడికి కదా. సీసాలో బుడగలెందుకు?"

"అది పిల్లాణ్ణి దాటి వచ్చిన గాలి. నీళ్ళని తోసుకుంటే గానీ బయటపడలేదు. ఆ అడ్డం వల్ల లోపల కాస్త ఒత్తిడి మిగులుతుంది."

"అయితే అది పిల్లాడు వదిలేసిన గాలా?"

"వదిలిందీ ఉంటుంది, అసలు తీసుకోనిదీ ఉంటుంది."

"తీసుకోనిదైతే మరి వాడికేం ఉపయోగం?"

పెద్ద సిస్టరు నుదురు కొట్టుకుంది. "పిన్నీ, ఈ పనికి పెద్దాసుపత్రిలో గదంత మిషన్లుంటాయి. మనకి లేవు. మన డాక్టరమ్మ ఈ సీసాతో నడిపిస్తోంది. బుడగలొస్తుంటే మంచిది. ఆగితే ఎక్కడో గాలి పోతోందని అర్థం. అంతవరకు పెట్టుకో చాలు."

పిన్ని అంతవరకే పెట్టుకుంది. బుడగలొస్తే మంచిది, ఆగితే చెడ్డది.

టోపీ పని ఏమిటంటే, ఆ ట్యూబుల్ని అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచడం. టోపీ రెండు పక్కలా పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు పెట్టి ట్యూబుల్ని బిగిస్తారు. టోపీ వదులైతే జారుతుంది, ముక్కులో మొనలు ఊడతాయి. బిగుతైతే లేత తల మీద గీతలు పడతాయి, ముక్కు నలుగుతుంది.

"అచ్చంగా కొలతకే కుట్టాలి. నీ అలవాటు నాకు తెలుసు. ఒక్క దారప్పోగు వదులొద్దు," అంది సిస్టరు.

"పెరగరా?"

"పెరిగినప్పుడు ఇంకోటి కుడుదువు గాని."

బనీను గుడ్డతో ఆరు టోపీలు కుట్టింది. జీవితంలో మొదటిసారి వదులు లేకుండా కుట్టడం. కత్తెర ఆడించేటప్పుడు చెయ్యి దానంతటదే పక్కకి జరగబోతే రెండుసార్లు ఆపుకుంది. అవి పెట్టుకున్న మొదటి ఇద్దరు పిల్లలూ కాస్త పెద్దవాళ్ళు. ఒకటి రెండు రోజుల్లోనే సీసాతో అవసరం తీరిపోయింది. పైనుంచి మెప్పుకోలు కబురొచ్చింది. పిన్ని మళ్ళీ దుప్పట్లలో పడింది.

పక్క గదిలో లాండ్రీ చూసే మనిషిని అందరూ ఆవిరి మామ అంటారు. తలుపు తీస్తే ముందు ఆవిరి వస్తుంది, తర్వాత గొంతు వస్తుంది, ఆఖర్న మనిషి కనిపిస్తాడు. పిన్నికీ ఆయనకీ ఇరవై ఏళ్ళ తగువు. ఆవిడ కుట్టిన అంచుల్ని ఆయన వేడినీళ్ళు పీక్కు తింటాయని ఆవిడా, ఆవిడ దారమే దండగదని ఆయనా.

"చెల్లెమ్మా, నీ కుట్లు చూస్తే సిగ్గేస్తుంది. నీళ్ళని చూడగానే పారిపోతున్నాయి."

"నువ్వు ఉడకబెడతావు అన్నయ్యా. ఉతకమంటే ఉడకబెడతావు. ఏదో ఒకరోజు నువ్వే ఆ డ్రమ్ములో మెత్తబడి తేలతావు."

ఆ పొద్దున ఆవిరి మామ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వెనక ఆవిరి లేదు. మాట్లాడలేదు కూడా. పిన్ని మిషను ఆపింది.

"మా అమ్మాయికి నొప్పులొచ్చాయి. ఏడో నెల కదా. ఆడపిల్ల. కిలో మీద నూట యాభై గ్రాములంట," అన్నాడు. తర్వాత తన అరచేతిని చూసుకుంటూ, "నేను రోజూ నలభై కిలోల తడిబట్ట ఒక్క చేత్తో లాగుతా చెల్లెమ్మా. కిలో అంటే ఎంతుంటుందో నాకు తోచట్లేదు," అన్నాడు.

కాసేపటికి పైనుంచి చీటీ వచ్చింది. తల ఇరవై ఏడు.

పిన్ని ఉన్నవాటిలో అన్నిటికన్నా మెత్తటి గుడ్డ తీసి, టేపు వేసి, మళ్ళీ వేసి, ఇరవై ఏడుకి కుట్టింది. ఆవిరి మామ దాన్ని తానే చేత్తో ఉతికి, ఇస్త్రీ పెట్టి, పళ్ళెంలో నైవేద్యంలా పైకి పట్టుకెళ్ళాడు. మధ్యాహ్నానికి టోపీ సరిగ్గా కూర్చుంది. సీసా గుడగుడలాడింది. ఆవిరి మామ నడవాలో బల్ల మీద కూర్చుని, గాజు కిటికీలోంచి సీసానే చూస్తూ ఉండిపోయాడు. మనవరాలిని చూడటానికి ధైర్యం చాలక సీసాని చూసేవాడు.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం బుడగలు ఆగాయి.

సిస్టర్లు టోపీ సర్ది, మొనలు మళ్ళీ పెట్టారు. బుడగలొచ్చాయి. గంట తిరక్కుండా మళ్ళీ ఆగాయి. ఆగినప్పుడల్లా పాప పక్కటెముకల కింద గుంట పడుతోంది, పెదాల రంగు మారుతోంది. టోపీ నెమ్మదిగా పైకి జారుతోందని కనిపెట్టారు. బుగ్గల మీద ప్లాస్టరు అంటించి చూశారు. తీసేటప్పుడు చర్మం కందిపోయింది. ఆ పని మానేశారు.

పెద్ద సిస్టరు టోపీ తీసుకుని స్వయంగా కిందికి వచ్చింది. "పిన్నీ, ఇది సాగిపోయింది."

పిన్ని టోపీని బల్ల మీద పరిచి కొలిచింది. ఇరవై ఏడు. కుట్టిన రోజు ఎంతుందో అంతే. పక్కనే ఉన్న ఆవిరి మామ ముఖం చూసింది.

"అన్నయ్యా, దీన్ని కూడా ఉడకబెట్టావా?"

"చల్లటి నీళ్ళలో, నా వేళ్ళతో ఉతికాను. నా మనవరాలి టోపీ చెల్లెమ్మా అది!" అన్నాడు ఆవిరి మామ. "అయినా వేడికి బట్ట దగ్గరపడుతుంది గానీ సాగుతుందా? ఇరవై ఏళ్ళు నాతో పోట్లాడావు, ఆమాత్రం తెలీదా?"

తెలుసు. తెలుసు కాబట్టే పిన్నికి ఇంకా అయోమయంగా ఉంది. సాగలేదు. కుంచించుకోలేదు. మరి వదులెక్కణ్ణించి వచ్చింది?

అనుమానం టేపు మీదికి పోయింది. పాతబడితే టేపులు సాగుతాయి. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది. ఇరవై ఏడని తాననుకున్నది అసలు ఇరవై ఎనిమిదేమో. స్టోరు గదిలో ఇనుప స్కేలుంది. పరుగున వెళ్ళి పక్కపక్కన పెట్టి చూసింది. ముప్ఫై సెంటీమీటర్ల పొడుగునా ఒక వెంట్రుకవాసి తేడా లేదు. టేపు తప్పయినా బాగుండేదని అనిపించింది ఆవిడకి. తప్పు దొరికితే దిద్దొచ్చు. ఇక్కడ అన్నీ ఒప్పులే ఉన్నాయి, పాపకి మాత్రం ఊపిరి అందట్లేదు.

గదికొచ్చి ఇంకో టోపీ కుట్టింది. అదే కాగితం, అదే ఇరవై ఏడు. అది పాప తల మీద సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

పిల్లల డాక్టరు వయసులో చిన్నది. మాట పొదుపు. సాయంత్రం వెళ్ళబోతూ నడవాలో ఆగి ఆవిరి మామతో మాట్లాడింది. "రేపు మధ్యాహ్నం దాకా చూద్దాం మామా. నిలకడగా ఉండకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. నాలుగు గంటల ప్రయాణం." ఆగింది. "అంబులెన్సులో ఈ సీసా ఏర్పాటు ఉండదు."

ఆవిరి మామ కూతురు, బాలింత, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి పాప పక్కన కూర్చుని ఉంది. కిటికీ అవతల పిన్నిని చూసి బయటికొచ్చింది. "పిన్నీ, ఆ బుడగలు ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టేస్తున్నా. అవి మళ్ళీ మొదలైతే గానీ వదలబుద్ధి కావట్లేదు."

పిన్ని ఆ పిల్ల తల నిమిరింది. ఆ తల కొలత కూడా చెయ్యికి తెలిసిపోయింది. ఇరవై ఒకటిన్నర అంగుళాలు. ఎందుకు తెలిసిందో, ఇప్పుడు అదెందుకో అర్థం కాక చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా పిన్ని కంచం అంచుని వేళ్ళతో కొలుస్తోంది. కూతురు చూసింది.

"ఏంటమ్మా, కంచానికి కూడా గౌను కుడతావా?"

చెప్పింది. గుడ్డ తప్పు కాదు, నీళ్ళ తప్పు కాదు, టేపు తప్పు కాదు, చెయ్యి కూడా తప్పు చెయ్యలేదు. కూతురు అంతా విని, మంచినీళ్ళు తాగి, "పాప తల నువ్వు కొలిచావా?" అంది.

"కాగితం ఉందిగా. వాళ్ళే కొలిచారు."

"ఎప్పుడు?"

"పుట్టినప్పుడు."

"వీధిలో ఎవరైనా జాకెట్టు కుట్టమని చీటీ పంపితే మనిషి రావాల్సిందే అని నానా రభసా చేస్తావు. ఇక్కడ మాత్రం కాగితానికి కుట్టావా?"

"అది వేరే. పెద్దవాళ్ళు లావవుతుంటారు."

"అయితే పాప లావయిందేమో."

"లావయితే టోపీ బిగుతవ్వాలి కదే! వదులెందుకవుతుంది?" అంది పిన్ని, విసుగ్గా. అన్నాక అన్నం కలపడం ఆపేసింది. వదులెందుకవుతుంది? గుడ్డ పెరగనప్పుడు వదులు రావడానికి ఒకటే దారి ఉంది. కానీ అలా జరగదు. ఏ పిల్లకీ జరగదు. ఆవిడ కళ్ళారా ఎక్కడా చూడలేదు.

నాలుగో రోజు పొద్దున్నే పిన్ని మోచేతులదాకా కడుక్కుని పసిపిల్లల గది ముందు నిలబడింది. టేపుని కూడా సబ్బుతో కడిగింది.

"ఏంటి పిన్నీ?"

"తల కొలుస్తా."

"రాసిచ్చాంగా. వారానికోసారి కొలుస్తాం. ఇంకా నాలుగో రోజే."

"ఒక్కసారి సిస్టరమ్మా. గుడ్డ మీద పెట్టేంత ఒత్తిడి కూడా పెట్టను."

సిస్టరు స్పిరిట్ గుడ్డతో టేపుని ఇంకోసారి తుడిపించి, టోపీ తీసి, పాప తలని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. పిన్ని టేపుని తల చుట్టూ తిప్పింది. అంకె చూసింది. తీసేసి మళ్ళీ తిప్పింది. ఇరవై ఆరు మీద రెండు గీతలు.

"తప్పు కొలిచాను," అంది. "నువ్వు కొలువమ్మా."

సిస్టరు కొలిచింది. ఇరవై ఆరు మీద రెండు గీతలు.

"పుట్టినప్పుడు ఇరవై ఏడా? నిజంగా?" అంది పిన్ని. "మీరే తప్పు రాశారా?"

"నేనే రాశాను," అంది వెనకనుంచి పిల్లల డాక్టరు. వచ్చి పాప వైపు చూసి, సీసా వైపు చూసి, టోపీ వైపు చూసింది. ఆవిడ ముఖంలో ఏదో తట్టినట్టయింది. "తగ్గి ఉంటుంది. పుట్టేటప్పుడు తలకి కాస్త వాపు ఉంటుంది, అది దిగుతుంది. ఒంట్లో నీరు తగ్గుతుంది. బరువు కూడా మొదటి వారం తగ్గుతుంది. మాకందరికీ తెలిసిందే. టోపీతో కలిపి ఆలోచించలేదంతే."

"తగ్గడమా?" పిన్ని గొంతు పెంచింది. "పుట్టిన పిల్ల తగ్గుతుందా?"

"ప్రతి పిల్లా తగ్గుతుంది పిన్నీ. వారం పదిరోజుల్లో మళ్ళీ పుంజుకుంటుంది."

"ప్రతి పిల్లా?"

"ప్రతి పిల్లా."

"మా అమ్మాయి కూడా తగ్గిందా?"

"తగ్గే ఉంటుంది."

పిన్ని అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. కూతురు పుట్టిన రెండో రోజే తను కుట్టిన మొదటి గౌను గుర్తొచ్చింది. అందులో ఇద్దరు పిల్లలు పట్టేవారు. అంత వదులు గౌనులో ఉన్న పిల్ల తగ్గితేనేం, పెరిగితేనేం, ఎవరికి తెలుస్తుంది? ఇన్నేళ్ళూ తన సిద్ధాంతం ఎన్నడూ తప్పలేదనుకుంది. తప్పినా కనబడకుండా తనే గుడ్డ కప్పేసింది కాబోలు.

"ఇప్పుడు ఇరవై ఆరుకి కుట్టెయ్యి," అంది సిస్టరు.

"రేపటికి ఇరవై అయిదున్నర అయితే?"

సిస్టరు డాక్టరు వైపు చూసింది. పిన్ని ఆగలేదు.

"ఆ తర్వాత పెరిగి మళ్ళీ ఇరవై ఏడయితే?"

"అప్పుడు..." అని సిస్టరు ఆగిపోయింది. టోపీ మార్చినప్పుడల్లా పిన్నీసులు తియ్యాలి, ట్యూబులు ఊడదియ్యాలి, పాప ఆ కాసేపు ఊపిరికోసం పెనుగులాడాలి.

పిన్ని లేచి కిటికీ పక్కకెళ్ళింది. వెళ్తూ టోపీ తీసుకుంది. అంతసేపూ సిస్టరు ట్యూబుల్ని చేత్తోనే పట్టి ఉంచింది. బొడ్లో దోపుకున్న సూదుల డబ్బా తీసింది. ఇరవై అయిదేళ్ళ కింద కూతురి గౌన్ల అంచుకి పెట్టిన మడతలు ఆవిడకి కళ్ళు మూసుకున్నా వచ్చు. లోపలికి మడిచి కుట్టడం, ఏడాదికోటి విప్పడం. అప్పుడు మొదట అన్నీ కుట్టి ఉండేవి. ఇప్పుడు ఒక్కోటీ కుట్టుకుంటూ పోవాలి, తర్వాత ఒక్కోటీ విప్పుకుంటూ రావాలి. చెయ్యి మొదట ఒప్పుకోలేదు. రెండుసార్లు అలవాటుకొద్దీ లోపలికే మడిచింది. లోపల మడత ఉంటే పాప తలకి ఒత్తుకుంటుందని గుర్తొచ్చి, విప్పి, బయటికి మడిచింది. ఇన్నాళ్ళూ కనబడకూడదని దాచిన మడత ఇప్పుడు టోపీ మీద కనబడుతూ కూర్చుంది. కచ్చాకుట్టు వేసింది, లాగితే ఒక్క దెబ్బన ఊడి వచ్చేట్టు. మొదటి మడతకి ఎర్ర దారం. రెండోదానికి, మూడోదానికి గీతలు మాత్రం పెట్టి ఉంచింది, నీలం ఒకటి, పచ్చ ఒకటి.

"ఇదేంటి పిన్నీ, ట్రాఫిక్ లైట్లా?" అంది చిన్న సిస్టరు ఒకామె.

"తగ్గినప్పుడు టోపీ తియ్యక్కర్లేదు. తల మీద ఉండగానే పట్టి కుట్టెయ్యొచ్చు. సూది మొన గుడ్డ దాటి లోపలికి పోకుండా నేను చూసుకుంటా."

డాక్టరు ఆలోచించింది. "సూది వద్దు. క్లిప్పు పెట్టి పట్టుకుని, తర్వాత టోపీ మార్చేటప్పుడు కుట్టు," అంది. పిన్నికి అది నచ్చలేదు గానీ తల ఊపింది.

ఎర్ర మడతతో టోపీ పెట్టారు. ట్యూబులు బిగించారు. సీసా గుడగుడమంది. అందరూ తలో పనిలోకి వెళ్ళిపోయినా పిన్ని గాజు కిటికీ అవతల నిలబడే ఉంది. పక్కన బల్ల మీద ఆవిరి మామ. ఇద్దరూ సీసానే చూస్తున్నారు.

"అన్నయ్యా, ఆ బుడగలు పాప వదిలిన గాలా, తీసుకోని గాలా?"

"నాకేం తెలుసు. ఏదైనా ఆగకపోతే చాలు."

పది దాటింది. పదకొండు దాటింది. మధ్యాహ్నం పన్నెండుకి పిల్లల డాక్టరు వచ్చి పాప ఛాతీని చాలాసేపు చూసింది. పక్కటెముకల కింద గుంట లోతు తగ్గింది. బల్ల మీద పెద్దాసుపత్రికి పంపే కాగితం సగం రాసి ఉంది. ఆవిడ దాన్ని తీసి సొరుగులో పెట్టింది. చింపలేదు, సొరుగులో పెట్టింది. ఆవిరి మామ అది చూసి, చింపలేదేమిటని పిన్నిని అడిగాడు. పిన్నికీ తెలియదు. ఇద్దరూ ఆ సొరుగుని చూస్తూ ఇంకో గంట నిలబడ్డారు.

ఆ మర్నాటికి తల ఇంకో నాలుగు గీతలు తగ్గింది. నీలం మడత పడింది, ముందు క్లిప్పుతో, తర్వాత టోపీ తీసినప్పుడు దారంతో. పిన్ని ప్రాణం ఉసూరుమంది. ఎంతవరకు తగ్గుతుంది? ఎక్కడో ఆగాలి కదా? ఆరో రోజు తల అంతే ఉంది. ఏడో రోజూ అంతే. పచ్చ మడత అవసరం రాలేదు. ఇక నుంచి రెండు రోజులకోసారి తల కొలవాలని పెద్ద సిస్టరు గోడ మీద చీటీ అంటించింది. ఎవరు కొలవాలో అందులో రాయలేదు. పిన్ని పొద్దున్నే వచ్చి నిలబడేది.

పదకొండో రోజున నీలం దారం లాగేసింది. మామూలుగా అయితే ఆవిడకి అది కూతురి గౌన్లప్పటి నుంచీ అలవాటైన పని. అయినా ఆ దారాన్ని చేతిలో పట్టుకుని, ఎక్కడ పడెయ్యాలో తెలియనట్టు గదంతా చూసింది. ఆఖరికి మెడలో టేపుకి ముడేసుకుంది. పదిహేనో రోజున ఎర్ర దారం కూడా దాని పక్కన చేరింది. ఆవిరి మామ మళ్ళీ లాండ్రీ తలుపు తీసినప్పుడు ఆవిరి ముందొచ్చింది.

"చెల్లెమ్మా, ఆపరేషన్ గౌన్లకి నాడాలు మళ్ళీ ఊడాయి!"

"నీ డ్రమ్ము ఊడ!" అంది పిన్ని. ఆ తిట్టు అనగానే ఇద్దరికీ ఏదో తేలికపడ్డట్టయింది.

పంతొమ్మిదో రోజున కొత్త టోపీ కుట్టింది పిన్ని. ఇరవై ఎనిమిది. మడతలు మూడు, ముందుజాగ్రత్తకి. చేత్తో పట్టుకుని మెట్లెక్కి, గాజు కిటికీ దగ్గరికొచ్చి చూసింది.

సీసాలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. బుడగ లేదు.

పిన్ని కిటికీని పట్టుకుంది. లోపల సిస్టర్లు ఎవరిపని వాళ్ళు చేసుకుంటున్నారు. ఒకామె పక్క మంచం దగ్గర దూది సర్దుతోంది. ఎవరూ పరుగెత్తడం లేదు. ఎందుకు పరుగెత్తరు? పిన్ని చెప్పులు విప్పకుండానే తలుపు తోసింది. "సిస్టరమ్మా, బుడగలు! బుడగలాగాయి, చూడరేమిటి?"

"ష్!" అంది పెద్ద సిస్టరు. "చెప్పులు, పిన్నీ, చెప్పులు!"

"బుడగలు!"

"మేమే ఆపాం. పొద్దున. ఇక అక్కర్లేదు."

పిన్ని మంచం వైపు చూసింది. ముక్కులో మొనలు లేవు. ముఖం మొత్తం కనబడుతోంది. ఇన్నాళ్ళూ ఆ ముఖంలో మధ్య భాగం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. చిన్న ముక్కు, ఆవిరి మామ ముక్కే. ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, పడుతోంది. చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడమే పిన్నికి భయంగా ఉంది. చాలాసేపు చూసింది, లేచి పడటాన్ని లెక్కపెడుతూ.

"మరి గాలి?" అంది ఆఖరికి.

"తనే తీసుకుంటోంది. తనే పట్టి ఉంచుకుంటోంది."

"ఏ గాలి?"

"ఈ గదిలో గాలే పిన్నీ. నువ్వూ నేనూ పీల్చేదే."

పిన్ని చుట్టూ చూసింది, ఆ గాలి ఎక్కడుందో వెతుకుతున్నట్టు. బాలింత నవ్వుతోంది. బయట బల్ల మీద ఆవిరి మామ గోడకి తల ఆన్చి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పంతొమ్మిది రోజుల నిద్ర అది. ఆయన్ని ఎవరూ లేపలేదు.

పిన్ని చేతిలో టోపీ ఉండిపోయింది. ఇరవై ఎనిమిది, మూడు మడతలు, మూడు రంగుల దారాలు.

"దీన్నేం చెయ్యను? ఈ పిల్ల పెరుగుతుంది. దీనికిక పట్టదు."

"ఇంకో పిల్లకొస్తుందిలే," అంది సిస్టరు, టోపీ అందుకుంటూ.

"ఆ పిల్ల తల ఎంతో?"

"పుట్టాక చెబుతాం."

"పుట్టిన రోజు కొలత నాకొద్దు," అంది పిన్ని. గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విప్పింది. విప్పాక, బయటికి వెళ్తున్నాను కదా ఇప్పుడెందుకు విప్పానా అని వాటి వైపు అయోమయంగా చూసి, మళ్ళీ వేసుకుంది.